గోడ లేని కిటికీ

మెత్తబాబు మీద వడ్రంగికి ఉన్న కోపాల్లో మొదటిది అతని గొంతు. అరిచే అప్పులవాడైతే తిరిగి అరవవచ్చు. నలుగురు పోగవుతారు, ఎవరో ఒకరు మధ్యలో దూరి సర్దుతారు. మెత్తబాబు పుట్టాక ఒక్కసారైనా అరిచిన మనిషి కాదు, ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగు లక్షలు చేతిలో పెట్టిన నాడు "అన్నా, ఇది మన మధ్య మాట కోసం రాసుకునే కాగితం, అంతేగా" అని మెత్తగా అన్నాడు. మూడేళ్ళు గడిచాక ఆ కాగితమే పట్టుకుని, స్థలం తన పేర రాసివ్వాలని కోర్టులో దావా వేశాడు. వేసిన మర్నాడు వీధిలో ఎదురుపడి, "అన్నా, ఒంట్లో బాగుంటోందా" అని అంతే మెత్తగా అడిగాడు. "బాగుంది బాబూ" అనేసింది వడ్రంగి నోరు. ఇంటికొచ్చి ఆ నోటిని అతను తిట్టని తిట్టు లేదు.

రెండో కోపం తలుపు. మెత్తబాబు ఇంటి వీధి తలుపు వడ్రంగి చేసిందే. తలుపొక్కటే కాదు, ఆ ఇంట్లో చెక్కతో ఉన్నదంతా దాదాపు అతని చేతిదే. అంతా పైసా తీసుకోకుండా, వడ్డీ కింద చేసిచ్చాడు. కోర్టుకిచ్చిన కాగితంలో మాత్రం మెత్తబాబు, ఇది అప్పు కానే కాదు, అమ్మకం, కాబట్టి వడ్డీ అనే మాటే పుట్టలేదు అని రాయించాడు. దావా నడుస్తున్న రెండేళ్ళలో ఆ వాక్యం వడ్రంగి ఎన్నిసార్లు చదివాడో. చదివినప్పుడల్లా అరచేతికి ఆ తలుపు నునుపు తగిలేది.

సోమవారం పొద్దున అతను లాయరమ్మ గదిలో కూర్చున్నాడు. జిరాక్సు కొట్టు పైన ఇరుకు గది. ఆవిడ కాగితాల మీద మోచేయి ఆనించినప్పుడల్లా బల్ల ఒకవైపు ఒరుగుతోంది. వడ్రంగి కాసేపు చూశాడు. ఇక పట్టలేక జేబులోంచి ఒక చెక్క పేడు తీసి, వంగి, బల్లకాలి కింద దూర్చబోయాడు.

"మేస్త్రీ, లే పైకి. బల్లకాలు సంగతి తర్వాత, ముందు నీ కాళ్ళ కింద నేల సంగతి చూడు."

అతను పేడు దూర్చేసే లేచాడు. బల్ల కదలడం మానింది.

లాయరమ్మ ఒప్పందం కాగితం తిప్పి అతని ముందు పెట్టింది. "నూట ఎనభై గజాల స్థలం అయిదు లక్షలకు అమ్ముతానన్నావు. నాలుగు లక్షలు బయానా ముట్టిందన్నావు. మిగతా లక్ష ఇచ్చిన రోజు రిజిస్టర్ చేస్తానన్నావు. కింద సంతకం నీదేనా?"

"నాదేనమ్మా."

"చదివే చేశావా?"

"చదివాను. ఆరో క్లాసు దాకా వెళ్ళానుగా."

"చదివి కూడా చేశావా?"

"మా వీధిలో అందరూ అలానే రాసిస్తారమ్మా. తాకట్టని రాస్తే రిజిస్ట్రేషను ఖర్చులు, లేనిపోని తిప్పలు అంటారు అప్పిచ్చేవాళ్ళు. అమ్మకం కాగితం ఒకటి రాయించుకుని పెట్టెలో పడేస్తారు. అప్పు తీరిన రోజు మన ముందే చింపేస్తారు. మా అన్నది చింపడం నా కళ్ళతో చూశాను."

"మీ అన్న స్థలం ముందు రోడ్డు వెడల్పు కాలేదు. నీ స్థలం ముందు అయింది. చింపడానికి చేతులెలా వస్తాయి?" ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సరే. కాగితం మీద ఏం రాశారన్నదే కాదు, రాసుకునేటప్పుడు ఇద్దరి మనసులో ఏముందో కూడా కోర్టు చూస్తుంది. అప్పుకు హామీగా రాసుకున్న కాగితాన్ని పట్టుకుని స్థలం రాసిమ్మంటే కుదరదు. కానీ అది హామీయే అని చూపించాల్సింది మనం. ఇరవై లక్షల స్థలం అయిదింటికి ఎవడమ్ముతాడు, అది మనవైపు. అమ్మినవాడు ఇన్నేళ్ళుగా అక్కడే చెక్క కోసుకుంటున్నాడు, అదీ మనవైపు. మరి పోయిన వాయిదాకు టీకొట్టాయన బోనెక్కి ఏం చెప్పాడు?"

వడ్రంగి గోళ్ళలో ఇరుక్కున్న పొట్టు చూసుకున్నాడు.

"'స్థలం అమ్మేశానని మేస్త్రే నాతో చెప్పాడు' అన్నాడు. అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా. చెప్పాను."

"ఎందుకు చెప్పావయ్యా?"

"ఒకరోజు మెత్తబాబు టేపు తెచ్చి స్థలం కొలిచాడు. వీధంతా చూసింది. టీకి వెళ్తే ఏంటి సంగతని అడిగాడు. తాకట్టు పెట్టానని చెప్పుకోలేక అమ్మేశానన్నాను."

"అమ్మేశానని చెప్పుకోవచ్చా?"

"అమ్మినవాడు ఇంకా పెద్ద చోటికి పోతున్నాడనుకుంటారమ్మా. తాకట్టు పెట్టినవాడు మునిగాడనుకుంటారు."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీ వీధివీధంతటినీ ఒక అద్దాల పెట్టెలో పెట్టి టిక్కెట్టు వసూలు చెయ్యాలి," అంది. "ఎల్లుండి మెత్తబాబు బోనెక్కుతాడు. వడ్డీ తీసుకున్నాడని అతని నోటితో అనిపించాలి నేను. ఏదైనా పట్టు ఇవ్వు."

"తలుపు చేసిచ్చాను. బీరువా, రెండు మంచాలు, బల్ల, కుర్చీలు…"

"డబ్బిచ్చి చేయించుకున్నానంటాడు. బిల్లులున్నాయా?"

"అప్పిచ్చినాయనకు బిల్లేంటమ్మా, బాగుండదుగా."

ఆవిడ కాగితాల మీద మోచేయి ఆనించి, బల్ల ఒరగకపోయేసరికి ఒకసారి కిందికి చూసి, మళ్ళీ రాసుకోసాగింది.

వడ్రంగి స్థలం వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ముందు రేకుల షెడ్డు, అందులో కోత మిషను. ఆ నాలుగు లక్షలూ పోసి కొన్నది ఆ మిషనునే. షెడ్డు వెనక రెండు గదులు. రెండువైపులా పక్కవాళ్ళ గోడలు ఆనుకుని ఉండడంతో ఆ గదులకు కిటికీలు లేవు. పగలు కూడా దీపం వేసుకోవాలి. ఆ గదులు దాటితే ఇరవై అడుగుల ఖాళీ నేల. అదొక్కటే ఆ ఇంటికి ఆకాశం.

ఆ ఖాళీలో ఒక కిటికీ నిలబడి ఉంటుంది.

పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం, "వెనక ఒక గది వేద్దామయ్యా, పెద్ద కిటికీతో. పొద్దున లేవగానే ఎండ మొహం మీద పడాలి," అంది. గదికి డబ్బు లేదు. చెక్క మాత్రం ఉంది, ఎవరింటికో చేయగా మిగిలిన పాత టేకు. గది వచ్చినప్పుడు వస్తుందిలే అని ముందు కిటికీ చేశాడు. మనిషి ఎత్తు చట్రం, నాలుగు రెక్కలు, ఇత్తడి గడియలు. గోడ కట్టేదాకా అని దాన్ని రెండు రాళ్ళ మీద నిలబెట్టి వెనక కర్రలు పోటు పెట్టాడు. గోడ రాలేదు. ఏటేటా వానలకు ముందు అతను దానికి నూనె రాసేవాడు. అందుకేనేమో ఇన్నేళ్ళకీ రెక్క ఒక్కటి ఒంకరపోలేదు. సాయంత్రాలు ఆవిడ దాని వెనక పీట వేసుకుని కూరగాయలు తరిగేది. "ఎక్కడున్నావే" అంటే "కిటికీ దగ్గర" అనేది. చలిగాలి వస్తే, "ఏమయ్యా, కాస్త ఆ కిటికీ మూసెయ్" అని కేకేసేది. చుట్టూ ఎక్కడా గోడ లేదు. అతను వెళ్ళి రెక్కలు దగ్గరికి లాగి గడియ వేసేవాడు. వేసి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. దావా పడ్డాక కూడా గడియ వేస్తూనే ఉన్నాడు, నవ్వడం మాత్రం తగ్గింది.

ఆ సోమవారం సాయంత్రం ఆవిడ తమ్ముడు కూడా ఉన్నాడు. పాలిష్ పని చేస్తాడు, వేళ్ళు ఎప్పుడూ లక్కరంగులోనే. కిటికీకి ఇవతలివైపు గొంతుక్కూర్చుని టీ తాగుతూ, "అయితే బావా, ఊరందరికీ గుమ్మాలెత్తి చివరికి నీ గుమ్మం పోగొట్టుకుంటావన్నమాట," అన్నాడు.

"నోరు మూసుకోరా," అంది అక్క కిటికీలోంచి.

"నేనన్నానా? కాగితం అంటోంది. బావ అక్షరాలు గుండ్రంగా భలే పెట్టాడు కూడా సంతకంలో."

"అదే నీ సంతకమైతే కాగితం మీద పాలిష్ మరకనుకుని కోర్టువాళ్ళు తుడిచేద్దురు," అన్నాడు వడ్రంగి.

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆవిడ, "ఏమయ్యా, పోతే ఎప్పటికి ఖాళీ చెయ్యాలంటారు?" అంది.

అతను లేచి వెళ్ళి నూనెగుడ్డ తెచ్చాడు. వానలు మొదలై పది రోజులైంది. ఈ ఏడు నూనె రాయడం మర్చిపోయాడు.

మంగళవారం పొద్దున పాలావిడ కబురు మోసుకొచ్చింది. మెత్తబాబు తల్లి, పెద్దమ్మగారు, ఒకసారి రమ్మన్నారట. వానకు చెక్క ఉబ్బి వీధి తలుపు పట్టేసిందట, ఆవిడ లాగితే రావడం లేదట. మెత్తబాబు ఊళ్ళో లేడు, రాత్రికి వస్తాడు.

"వెళ్ళకు," అంది పెళ్ళాం. "సిగ్గుండాలి పిలవడానికి."

"ఆవిడకు దావా గురించి ఎవరు చెప్పుంటారు?"

"తెలిస్తే మాత్రం? వాళ్ళ తలుపు వాళ్ళనే ఏడవనీ."

"తలుపేం చేసిందే," అని అతను చిత్రిక, సుత్తి, నాలుగు మేకులు సంచిలో వేసుకున్నాడు.

తలుపు పైమూల దగ్గర పట్టింది. అతను భుజంతో ఎత్తి, మడతబందుల్లోంచి విడదీసి, రెక్కను అరుగు మీద పక్కకు పడుకోబెట్టాడు. రెండేళ్ళ తర్వాత దాని మీద చెయ్యి వేయడం. పాత స్నేహితుడు ఎదురుపడితే ఎవరు ముందు మాట్లాడాలో తెలియనట్టు కాసేపు ఊరికే నిమిరాడు. తర్వాత అంచు మీద చిత్రిక పట్టాడు. పల్చటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ కాళ్ళ మీద పడింది. తడి చెక్క, మెల్లగా తియ్యాలి. ఇవాళ ఎక్కువ తీస్తే ఎండాకాలం సందు వస్తుంది.

పెద్దమ్మగారు చేతికర్ర పక్కన పెట్టుకుని గుమ్మం లోపల కుర్చీలో కూర్చుంది. "బొత్తిగా కనబడటం మానేశావేం నాయనా? ఇంట్లో అందరూ కులాసానా?"

"కులాసానేనమ్మా."

"చెమటలు పట్టేశాయి చూడు." ఆవిడ లోపలికి తిరిగి కోడలికి కేకేసింది. "అమ్మాయ్, వడ్డీ బీరువాలోంచి ఒక పాత తువ్వాలు తెచ్చివ్వు, మేస్త్రి మొహం తుడుచుకుంటాడు."

చిత్రిక సగం దారిలో ఆగింది.

"ఏ బీరువా అమ్మా?"

"అదే, నువ్వు మొదటేడు చేసిచ్చిన పెద్దది. దాని పక్కన నా పుట్టింటి బీరువా ఉందిగా. ఊరికే బీరువా అంటే ఏ బీరువా అని అడుగుతారు. అందుకని మావాడే పెట్టాడు పేరు. ఇది వడ్డీ బీరువా, నేను పడుకునేది వడ్డీ మంచం. ఎవరైనా వస్తే ఆ వడ్డీ కుర్చీలు తెచ్చి వెయ్యండర్రా అంటాం." ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది. "బాగుందిగా?"

"బాగుందమ్మా," అంది మళ్ళీ ఆ పాపిష్టి నోరు.

కోడలు తువ్వాలు తెచ్చింది గాని గుమ్మం దాటి రాలేదు. అత్తగారి చేతికిచ్చి, వడ్రంగి మొహం చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి అంతా తెలుసని అతనికి అర్థమైంది.

రెక్క మళ్ళీ నిలబెట్టి బందులు బిగించాడు. తలుపు ఒక్క వేలితో తోస్తే మూసుకుంది, ఒక్క వేలితో తెరుచుకుంది. పెద్దమ్మగారు లేచి వచ్చి రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. తర్వాత తలుపు సగం మూసి, ఆ చాటున గొంతు తగ్గించింది.

"మావాడు నీ స్థలం మీద పడ్డాడటగా."

వడ్రంగి సంచిలో చిత్రిక సర్దుకుంటున్నాడు.

"నాకు ఎవరూ చెప్పరు. ముసలిదానికి చెవుడనుకుంటారు." ఆవిడ కర్రతో నేల మీది పొట్టును కుప్పగా నెట్టింది. "నాయనా, నన్నెవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను. ఈ వయసులో నావల్ల కాదు. అందుకని నన్ను అడగకుండా చూడు. కొడుకు ఎదురుగా నన్ను నిలబెట్టకు."

"నిలబెట్టనమ్మా."

ఆవిడ కొంగు ముడిలోంచి ఏదో తీసి ఇవ్వబోయింది. వద్దన్నాడు. వద్దన్నాక, దారి పొడుగునా, ఎందుకు వద్దన్నానా అనుకున్నాడు. రెండేళ్ళుగా వడ్డీ లేదు, అప్పు కాదంటున్నారు, మరి ఇవాళ్టి పని దేని కింద చేసినట్టు?

లాయరమ్మకు బీరువా సంగతి చెప్పేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ముసలావిడకు సమన్లు పంపిస్తాను."

"వద్దమ్మా."

"మేస్త్రీ, స్థలం కావాలా, మర్యాద కావాలా?"

"స్థలమే కావాలి. కొడుకునే అడగండి. ఆవిడ జోలికి వద్దు. ఆవిడను పిలిస్తే నేను రాజీకి సంతకం పెట్టేస్తాను."

"ఒక సంతకం పెట్టి ఇక్కడికొచ్చావు, చాలదా," అని ఆవిడ విసుక్కుంది. కానీ పిలవలేదు.

బుధవారం మెత్తబాబు బోనులో చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. జడ్జిగారు రెండుసార్లు "కాస్త గట్టిగా చెప్పండి" అనాల్సి వచ్చింది. లాయరమ్మ మామూలు ప్రశ్నలన్నీ వేసింది. ధర ఎందుకంత తక్కువంటే, అన్నకు డబ్బు అవసరం, తనే తొందరపడి అమ్మాడన్నాడు. కొన్న స్థలంలో అమ్మినవాణ్ణి ఇన్నేళ్ళు ఎందుకుండనిచ్చారంటే, పోనీలే, అన్న కదా అన్నాడు. అన్న అన్నప్పుడల్లా వడ్రంగివైపు తిరిగి చిన్నగా తల ఊపుతున్నాడు. వెనక బెంచీలో టీకొట్టాయన, పక్కన బావమరిది, ఇంకా వీధివాళ్ళు అయిదారుగురు. వడ్రంగి ఎవరివైపూ చూడలేదు. బోను కటకటాల్లో ఒకటి వదులై ఉంది, మెత్తబాబు ఆనుకున్నప్పుడల్లా కిర్రుమంటోంది. దాన్నే చూస్తున్నాడు.

"మీ ఇంట్లో పెద్ద బీరువా చేసిందెవరు?" అంది లాయరమ్మ.

"అన్నే."

"డబ్బిచ్చారా?"

"ఇవ్వకుండా ఎలా చేయించుకుంటామండీ."

"మీ ఇంట్లో రెండు బీరువాలున్నాయి. ఒకటి మీ అమ్మగారి పుట్టింటిది. ఈ రెండోదాన్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

మెత్తబాబు నవ్వబోయాడు. "బీరువా అనే పిలుస్తాం."

"ఉత్త బీరువా అనేనా? మీరే ఏదో పేరు పెట్టారట."

మెత్తబాబు మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అతను వడ్రంగిని చూశాడు. వడ్రంగి మొదటిసారి తల ఎత్తి చూశాడు. నిన్న బాగుచేసిన తలుపు రాత్రి ఇంటికొచ్చినప్పుడు మెత్తబాబు వేలికి తగిలే ఉంటుంది. ఎవరు వచ్చి వెళ్ళారో తెలిసే ఉంటుంది.

"గుర్తు లేకపోతే చెప్పండి," అంది లాయరమ్మ, అతనికంటే మెత్తగా. "ఇంట్లో పెద్దవాళ్ళున్నారుగా, వాళ్ళకు గుర్తుంటుంది. కోర్టువారు పిలిపిస్తారు."

 ఇది అనుకున్న మాట కాదు. వడ్రంగి లేవబోయాడు. బావమరిది వెనకనుంచి చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

కటకటం కిర్రుమంది. మెత్తబాబు, జడ్జిగారు అడగకుండానే, గదంతా వినబడేలా అన్నాడు: "అమ్మను పిలవద్దండీ. వడ్డీ బీరువా అంటాం. ఇంట్లో, సరదాకి."

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు రాసుకున్నారు. మంచం, కుర్చీలు, బల్ల, తలుపు, ఒక్కొక్కటే లాయరమ్మ అడిగింది, ఒక్కొక్కదానికీ అతను అవునన్నాడు. ఆ తలుపు ఎప్పటి వడ్డీ అంటే రెండో ఏటిదన్నాడు. వడ్రంగికి సంతోషం రావాలి. వచ్చింది కూడా. కానీ వీధివాళ్ళందరి ముందూ తను ఏళ్ళ తరబడి దాచుకున్న అప్పు ఒక్కొక్క కుర్చీగా బయటికి నడిచొస్తుంటే చెవులు కాలిపోయాయి. బయటికొచ్చాక టీకొట్టాయన దగ్గరికొచ్చి, "ముందే చెప్పుంటే నేను నోరు మూసుకునేవాణ్ణిగా మేస్త్రీ," అన్నాడు. వడ్రంగి అతని భుజం తట్టాడు. 

తర్వాతి సోమవారం తీర్పు. కాగితం అప్పుకు హామీగా రాసుకున్నది మాత్రమే, అది నిజమైన అమ్మకం ఒప్పందం కాదు, దాన్ని బట్టి స్థలం రాసివ్వక్కర్లేదు అని జడ్జిగారు చదివారు. బావమరిది "గెలిచాం బావా" అని చెవిలో అరిచాడు. ఆ అరుపులో తర్వాతి వాక్యాలు వడ్రంగికి వినబడలేదు. మెట్ల మీద నిలబెట్టి లాయరమ్మ చెప్పింది.

"అప్పని మనమే నిరూపించాం. అప్పన్నాక తీర్చాలి. నాలుగు లక్షల అసలు, దావా వేసిన నాటినుంచి వడ్డీ. మొత్తం అయిదు లక్షల పదివేలు. మూడు నెలల గడువు."

"మరి తలుపు, బీరువా?"

"అవి మూడేళ్ళ వడ్డీకి సరిపోయాయట. అసలులో తగ్గించడానికి లెక్కేదీ అంటున్నారు. నీ దగ్గర లెక్క లేదుగా."

మెత్తబాబు మెట్లు దిగుతూ వాళ్ళ పక్కన ఆగాడు. "అన్నా, నాకు మాత్రం స్థలమెందుకు. నా డబ్బు నాకొస్తే చాలు," అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. కాస్త ఆగి, "అమ్మను లాగనందుకు…" అని, పూర్తి చెయ్యకుండానే దిగిపోయాడు. అది వడ్రంగి గొప్పేమీ కాదని, తను ఇంకొక్క క్షణం ఆగితే లాయరమ్మ లాగేదేనని అతనికి చెప్పేవాళ్ళెవరూ లేరు.

మిషను అమ్మజూపితే పాతసామాను ధర పలికింది. అది పోతే రేపటినుంచి తినేదేమిటి? ముందుభాగం అమ్మితే షెడ్డు పోతుంది. మిగిలింది వెనక ఖాళీ. దానికి రోడ్డు లేదు. కొంటే వెనకింటాయనే కొనాలి, అతని పెరడు అవతలే ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టి గజం ఎనిమిదిన్నర వేలకు మించి ఒక్క మెట్టు ఎక్కలేదు. అప్పుకూ కోర్టు ఖర్చులకూ కలిపి ఎంత కావాలో లెక్క వేసుకుని, అంతవరకే గీత గీశారు. టేపు ఒక కొస వెనకింటాయన పట్టుకున్నాడు, రెండో కొస వడ్రంగి. సున్నపుగీత సరిగ్గా గది గుమ్మానికి నాలుగు జానల అవతల పడింది.

"ఈ కిటికీ ఏం చేస్తారు?" అన్నాడు వెనకింటాయన చట్రం మీద వేలితో కొట్టి చూస్తూ. "నేనిక్కడ గది వేస్తున్నాను. దీనికెంత?"

వడ్రంగి నోరు తెరవకముందే గుమ్మంలోంచి పెళ్ళాం అంది: "దానికి వెల లేదండీ. ఊరికే తీసుకెళ్ళండి."

ఆయన వెళ్ళాక అతను ఆమెను కోపంగా చూశాడు. "ఊరికేనా? మనం పెట్టుకోకూడదూ?"

"ఎక్కడ పెడతావు?" అంది. కొంగుతో కిటికీ అడుగుపట్టె తుడిచింది, రోజూ తుడిచినట్టే. "దానికైనా గోడ దొరకనీ."

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు: "ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా? డబ్బు పూర్తిగా ముట్టిందా?" రెంటికీ అవునన్నాడు. ఈసారి కాగితం మీద రాసిందీ, ఇద్దరి మనసులో ఉన్నదీ ఒక్కటే. చదివి, గుండ్రంగా సంతకం పెట్టాడు.

కిటికీ ఎత్తడానికి వెనకింటాయన వడ్రంగినే పిలిచాడు, కూలి మాట్లాడుకుని మరీ. తాపీవాళ్ళు గోడలో వదిలిన ఖాళీలో చట్రం నిలిపి, మట్టం చూసి, నాలుగు మూలలా బిగించాడు. కిటికీ అవతల పెరటివైపు తెరుచుకుంటుంది. వడ్రంగి ఇంటివైపు ఉత్త గోడ. బిగించాక రెక్కలు తోశాడు. ఎండ లోపలికొచ్చి కొత్త నేల మీద నాలుగు పలకలుగా పడింది. ఆవిడ చెప్పిన ఎండ అదే. అందులో కాసేపు నిలబడ్డాడు. ఆ ఇంటి పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి అడుగుపట్టె మీదెక్కి కూర్చుంది. అతను సామాను సర్దుకుని, కూలి తీసుకుని, చుట్టూ తిరిగి వీధి మీదుగా ఇంటికి వచ్చాడు. ఇదివరకు ఆ చోటికి నాలుగడుగులు వేస్తే చాలు.

పెళ్ళాం గుమ్మంలో పీట వేసుకుని, గోడకు ఎదురుగా కూరగాయలు తరుగుతోంది.

"ఎలా ఉంది?" అంది.

"బాగా కూర్చుంది."

"ఎండ పడుతోందా?"

"పడుతోంది."

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి గోడవైపు చూసింది. "గాలి రావడం లేదయ్యా," అంది.

అతను లేచాడు. మూయడానికీ తెరవడానికీ ఏమీ లేదని లేచాక తెలిసింది. అలానే షెడ్డులోంచి నడిచి వీధిలోకి వెళ్ళాడు.

టీకొట్టాయన గ్లాసు ముందు పెట్టి, కాసేపు బల్ల తుడిచిందే తుడిచాడు. ఇదివరకట్లా చొరవగా అడగలేకపోతున్నాడు.

"వెనకాల గోడ లేచింది మేస్త్రీ, చూశాను. అదేంటి… తాకట్టా?"

"కాదు," అన్నాడు వడ్రంగి. "అమ్మేశాను. అరవై రెండు గజాలు."